వేసవి సెలవులు – ప్రత్యేక అవసరాలు గల మన పిల్లలు

(శతవార్షికోత్సవముల సందర్భమున నగరిలో జరిగిన సండేస్కూలు ఉపాధ్యాయుల, తలిదండ్రుల కూటములో ఒక సంఘ కాపరి చేసిన ప్రసంగ పాఠము)



మన డయోసిస్ నూరేండ్ల పండుగ చేసికొంటున్న ఈ దినములలో మనము ఎన్నో లెక్కలు చూచుకొంటున్నాము. ఎన్ని ఆలయములు కట్టినాము, ఎన్ని బడులు నడిపినాము, ఎందరికి బాప్తిస్మమిచ్చినాము అని పాత రిజిష్టర్లు తిరగవేస్తున్నాము. మంచిదే. అయితే ఆ రిజిష్టర్లలో పేరు వ్రాసియుండి, ఆలయములో ముఖము కనబడని కొందరు పిల్లలను గురించి ఈ సాయంకాలము మీతో మాట్లాడవలెనని ఉన్నది. వారు ఆటిజం గల పిల్లలు, బుద్ధి ఎదుగుదలలో వెనుకబడిన పిల్లలు, డౌన్ సిండ్రోమ్, సెరిబ్రల్ పాల్సీ వంటి స్థితులు గల పిల్లలు. రాబోవు వేసవి సెలవులలో వారు ఎక్కడ ఉంటారు, ఏమి చేస్తారు, మన సంఘము వారికి ఏమి చేయగలదు అన్నది నా అంశము.

నూరేండ్ల పండుగలో ఇది చిన్న విషయమని కొందరు అనుకొనవచ్చును. ఈ ప్రాంతపు మిషను చరిత్ర తెలిసినవారు అలా అనుకొనరు. వేలూరులో ఐడా స్కడ్డర్ దొరసానిగారు 1900లో ఒక్క మంచముతో వైద్యము మొదలుపెట్టారు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరములో 1915 నుండి క్షయరోగులకు శానటోరియము నడచినది. క్షయ అంటే ఇంటివారే నోరు విప్పి చెప్పుకొనని కాలమది. ఇంటిలో దాచబడిన వారిని వెదకి పోవుట మనకు ముందున్నవారు చేసిన పని. ఈనాడు మన ఇండ్లలో దాచబడుతున్నది ఎవరో మనమే అడుగుకొనవలెను.

ఆటిజం అంటే ఏమిటి?

1943లో అమెరికాలో లియో కానర్ అను పిల్లల మానసిక వైద్యుడు 11 మంది పిల్లలను గమనించి, వారి స్థితిని వివరముగా వ్రాసి, దానికి ఈ పేరు వాడినాడు. ఈ పిల్లలలో కొందరికి మాట ఆలస్యముగా వస్తుంది, కొందరికి రానే రాదు. కొందరు చక్కగా మాట్లాడుతారు గాని ఎదుటివాని ముఖభావము పోల్చుకొనలేరు. ప్రతిదినము ఒకే క్రమములో జరిగితే వారికి నెమ్మది. ఆ క్రమము తప్పితే భయము. మన చెవికి మామూలుగా తోచే డప్పు, మైకు, కుక్కర్ ఈల వారి చెవికి దెబ్బ తగిలినట్లుండవచ్చును. చేతులు ఆడించుట, ఊగుట, ఒకే మాట పదే పదే పలుకుట వారు తమను తాము నెమ్మదిపరచుకొనే మార్గములు.

ఇది ఎవరి పాపము? ఈ ప్రశ్న మన సంఘములలో ఇంకను వినబడుతున్నది. పుట్టుగ్రుడ్డివానిని చూచి శిష్యులు ప్రభువును అడిగినది ఇదే. వాడు గాని వాని తలిదండ్రులు గాని చేసిన పాపము ఇందుకు కారణము కాదని ప్రభువు తేల్చి చెప్పినట్లు యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయములో చదువుతున్నాము. వైద్యులు కూడ ఒకప్పుడు శిష్యులవలెనే తప్పుదారి పట్టినారు. తల్లికి ప్రేమ చాలకనే బిడ్డ ఇట్లయినాడని కొందరు చాలకాలము బోధించినారు. బెర్నార్డ్ రిమ్లాండ్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, తానే అటువంటి కుమారునికి తండ్రి, 1964లో పుస్తకము వ్రాసి ఆ బోధను ఖండించినాడు. మెదడు ఎదుగుదలలోని భేదము వలన ఆటిజం కలుగుతుందనియు, అందులో వంశపారంపర్యపు పాలు ఎక్కువనియు ఇప్పుడు తెలిసిన విషయము. టీకాలవలన రాదు. తల్లి పెంపకమువలన రాదు. దయ్యమువలన రాదు. కనుక ఈ పిల్లలను పట్టుకొని గద్దించుట, ఉపవాసముంచుట, కట్టివేయుట ప్రార్థన అనిపించుకొనదు. వారి కొరకు ప్రార్థించండి. వారిని భయపెట్టవద్దు.

ఇటువంటి పిల్లలు ఎందరున్నారు? 2021 నాటికి ప్రపంచములో సుమారు 127 మందిలో ఒకరికి ఆటిజం ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన దేశములో హైదరాబాదుతో కలిపి అయిదు చోట్ల జరిగిన పరిశీలన 2018లో ప్రచురింపబడినది. రెండు మొదలు తొమ్మిదేండ్ల లోపు పిల్లలలో దాదాపు ఎనిమిదిమందికి ఒకరికి చూపు, వినికిడి, మాట, మూర్ఛ, నేర్చుకొనుట, ఆటిజం వంటివాటిలో ఏదో ఒక ఇబ్బంది ఉన్నట్లు అందులో తేలినది. కొందరికి అది స్వల్పము, కొందరికి తీవ్రము. మన సండేస్కూలులో నలుబదిమంది పిల్లలుంటే అయిదుగురు అన్నమాట. ఆ అయిదుగురు మన బల్లలమీద కూర్చున్నారా, ఇంటిలో ఉండిపోయినారా?

సెలవులు ఎవరికి సెలవులు?

2025లో మన రాష్ట్రపు బడులకు ఏప్రిల్ 24 నుండి జూన్ 11 వరకు 49 దినములు సెలవులు వచ్చినవి. మిగిలిన పిల్లలకు అవి తాతగారి ఊరు, మామిడి తోపు, బావిలో ఈత. ఆటిజం గల బిడ్డకు మాత్రము ఒక్క ఉదయమున లోకము తారుమారైనట్లు. నిన్నటివరకు ఏడు గంటలకు స్నానము, ఎనిమిదింటికి సంచి, తొమ్మిదింటికి బడి. ఈ దినమున ఏమియు లేదు. ఎందుకు లేదో వానికి అర్థమగునట్లు చెప్పినవారు లేరు. పైగా కత్తిరి ఎండలు, కరెంటు పోవుట, ఇంటినిండ చుట్టములు, పెండ్లి మేళములు, తిరునాళ్ల మైకులు. వాడు అరుస్తాడు, తల గోడకు కొట్టుకొంటాడు, నిద్రపోడు. చూచినవారు మొండితనము అంటారు. అది మొండితనము కాదు, తట్టుకొనలేకపోవుట.

తల్లి సంగతి చూడండి. మన నగరి, ఏకాంబరకుప్పము ప్రాంతములలో అనేక కుటుంబములు మరమగ్గాలమీద బ్రతుకుతున్నవి. ఇంటిలో కండెలు చుట్టే తల్లికి ఎంత పని చేస్తే అంతే కూలి. బిడ్డ బడిలో ఉన్న ఆ కొద్ది గంటలే ఆమె సంపాదన వేళ. సెలవులలో అది పోతుంది. బిడ్డను వదలి కదలలేదు, బిడ్డను తీసికొని ఎవరింటికి పోలేదు. ఒక తల్లి నాతో అన్నది: “అయ్యగారూ, సెలవులు మీకు పండుగ, మాకు పరీక్ష.” ఆమె ఆదివారపు ఆరాధనకు రావడము మానివేసినది. ఎవరును ఆమెను పొమ్మనలేదు. బిడ్డ కేక వేసినప్పుడు నాలుగు వరుసలవారు వెనుకకు తిరిగి చూచినారు, అంతే. ఆ చూపు చాలినది.

ప్రభువు చూపిన మార్గము

మార్కు సువార్త ఏడవ అధ్యాయములో చెవిటివాడును మాట సరిగా రానివాడునైన ఒక మనుష్యుని ప్రభువునొద్దకు తీసికొని వచ్చినారు. ప్రభువు అందరియెదుట వానిని నిలువబెట్టలేదు. ముందుగా జనసందడిలో నుండి ప్రక్కకు తీసికొనిపోయినాడు. వానికి వినబడదు గనుక మాటలతో మొదలుపెట్టలేదు. చెవులలో వ్రేళ్లుంచి, నాలుకను ముట్టి, ఆకాశము వైపు చూచి, తాను ఏమి చేయబోతున్నాడో వానికి తెలియునట్లు సైగలతో చేసినాడు. నిట్టూర్పు విడిచినాడు. ఆ తరువాతనే ఒక మాట పలికినాడు.

ఇందులో నేను మూడు సంగతులు చూస్తున్నాను. సందడి వానికి భారమని ప్రభువునకు తెలిసినది. వానికి అర్థమయ్యే భాషలోనికి ప్రభువే దిగివచ్చినాడు. ప్రక్కకు తీసికొనిపోయినది విడిచిపెట్టుటకు కాదు, తిరిగి మనుష్యుల మధ్యకు చేర్చుటకు. ఇంటిలో దాచుట వేరు, ప్రక్కకు తీసికొని చేయి పట్టుకొనుట వేరు. మన వేసవి కార్యక్రమములన్నిటికి ఈ మూడే కొలతబద్ద కావలెనని నా మనవి.

మనము ప్రతి వేసవిలో నడిపే వెకేషన్ బైబిల్ స్కూలు చరిత్ర కూడ ఇదే చెబుతున్నది. 1901లో న్యూయార్కులో రాబర్ట్ బోవిల్ అను సేవకుడు, సెలవులలో పోవుటకు చోటులేక వీధులలో తిరిగే బీదపిల్లల కొరకు వేసవి బైబిలు బడులు నడిపించినాడు. పోవుటకు చోటులేని పిల్లల కొరకు పుట్టిన బడికి, ఈనాడు మన ఊరిలో ఏ చోటును లేని బిడ్డ రాలేకపోతే ఆ బడి తన పుట్టుకను మరచినట్లే.

వి.బి.యస్.లో చేయదగినవి

ఇవి ఖర్చుతో కూడినవి కావు. మా పాస్టరేటులో గత వేసవిలో నలుగురు పిల్లలతో చేసి చూచినవే చెబుతున్నాను.

మొదటిది, ముందుగా ఇంటికి పోవుట. ఉపాధ్యాయురాలు తల్లిని అడిగి వ్రాసికొనవలెను: బిడ్డకు ఏది ఇష్టము, దేనికి భయము, ఆకలి గాని దాహము గాని ఎట్లు తెలుపుతాడు, మూర్ఛ వస్తుందా, ఏడ్చినప్పుడు ఏమి చేస్తే ఊరుకొంటాడు. బడి మొదలగుటకు ముందుదినమే ఖాళీ ఆలయమును బిడ్డకు చూపించవలెను. కొత్త చోటు, కొత్త జనము ఒకేసారి ఎదురుపడరాదు.

రెండవది, బొమ్మల పట్టిక. ఒక అట్టమీద అయిదు బొమ్మలు వరుసగా గీయండి: చెప్పులు విడుచుట, పాట, కథ, ఆట, ఇంటికి పోవుట. ఒక్కొక్కటి అయిపోగానే ఆ బొమ్మ త్రిప్పివేయవలెను. తరువాత ఏమి జరుగునో తెలిసిన బిడ్డకు సగము భయము పోతుంది. మాట రాని బిడ్డ ఆ బొమ్మనే వ్రేలితో చూపి తనకు కావలసినది అడుగవచ్చును. మన పట్టిక సంవత్సరాంతపు క్యాలెండరు వెనుక గీసినదే.

మూడవది, ఒక నెమ్మదైన గది. వెస్ట్రీ చాలును. ఒక చాప, ఒక ఫ్యాను, ఒక కుండ నీరు. పాటల శబ్దము ఎక్కువైనప్పుడు బిడ్డ అక్కడికి పోవచ్చును. ఇది శిక్షగది కాదని పిల్లలందరికి చెప్పవలెను. పది దినములు మైకు లేకుండ నడపండి. పిల్లలకు మైకు ఎందుకు?

నాల్గవది, ఒక్కొక్క బిడ్డకు ఒక్క తోడు. యౌవనస్థుల సమాజములోనుండి ఒక అన్నయ్యో అక్కయ్యో పది దినములు అదే బిడ్డతో ఉండవలెను. దినమునకొకరు మారితే ప్రయోజనము లేదు.

అయిదవది, వేళ. ఉదయము ఏడున్నర నుండి తొమ్మిదిన్నర వరకు చాలును. మూర్ఛకు, నిద్రకు మందులు వాడే పిల్లలు ఎండకు త్వరగా సొమ్మసిల్లవచ్చును. వైద్యునడిగి జాగ్రత్త పడవలెను.

ఆరవది, చేతిపని. తడి ఇసుక, తొట్టిలో నీళ్లు, రంగు నూలు, గింజలు, వేపచెట్టుకు కట్టిన ఊయల. ఈ నాలుగైదింటితోనే రెండు గంటలు గడచును. సృష్టి కథ చెప్పేటప్పుడు నీటిని ముట్టనివ్వండి, విత్తువాని కథ చెప్పేటప్పుడు గింజలు చల్లనివ్వండి. ప్రతిదినము అదే పాట, అదే అభినయము పాడండి. మనకు విసుగు పుట్టవచ్చును, వారికి అది ఆనందము.

ఏడవది, ముగింపు దినము. బలవంతముగా వేదిక ఎక్కించి కంఠతా వాక్యము చెప్పించవద్దు. వాడు చేసిన బొమ్మను గోడమీద వాని పేరుతో అంటించండి. అదియు స్తుతియే.

ఎనిమిదవది, ప్రాణభద్రత. ఈ పిల్లలలో కొందరు చెప్పకుండ లేచిపోతారు. అపాయము ఎరుగరు. నీళ్లు వారిని ఆకర్షిస్తాయి. గట్టు లేని బావులు, గుంటలు మన పల్లెలలో ఎన్నో ఉన్నవి. గేటు వేసి ఒకరిని అక్కడ కూర్చుండబెట్టండి. బిడ్డ జేబులో ఇంటివారి ఫోను నంబరు గల చీటీ ఉంచండి. బిడ్డ తప్పిపోతే మొదట వెదకవలసినది నీళ్లున్న చోటు.

మా నలుగురిలో ఒక బాలుడు మూడు దినములు వాకిట నిలిచి లోపలికి రాలేదు. తోడుగా ఉన్న యువకుడు కూడ వాకిటనే నిలిచినాడు. అయిదవ దినమున ఆ బాలుడు నూలు కండె చేతపట్టుకొని లోపలికి వచ్చి వెనుక చాపమీద కూర్చున్నాడు. పదవ దినము వరకు ఒక్క మాట పలుకలేదు. అయినను తొమ్మిదిన్నరకు ‘ఇంటికి’ అన్న బొమ్మ తానే త్రిప్పినాడు. ఆ పది దినములు వాని తల్లి దినమునకు రెండు గంటలు కండెలు చుట్టుకొన్నది. ఇంతకుమించి గొప్పగా చెప్పుకొనుటకు ఏమియు లేదు. ఇది చాలునని నేననుకొంటున్నాను.

ఇంటియొద్ద చేయదగినవి

పది దినములు పోగా మిగిలిన నెలపైచిలుకు ఇంటివద్దనే గడపవలెను. తల్లులారా, దీనికి కొత్త ఆటవస్తువులు అక్కరలేదు. మన వేసవి పనులే మంచి పాఠములు. చింతపండులో గింజలు తీయుట, వేరుశనగకాయలు ఒలుచుట, వడియములకు గుడ్డ పరచుట, మామిడికాయలు కడిగి తుడుచుట, ఉతికిన బట్టలు జతపరచుట. పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, చేయి పట్టుకొని చూపి, మెల్లగా చేయి విడువండి. ప్రతిదినము అదే వేళకు అదే పని పెట్టండి. ఇంటి గోడమీద కూడ బొమ్మల పట్టిక వ్రేలాడదీయండి. బడి తెరచు దినము వరకు ఒక్కొక్క గడి కొట్టివేయుట బిడ్డకే అప్పగించండి.

తండ్రులారా, బిడ్డను బయటకు తీసికొనిపొండి. కొందరు పిల్లలకు రైలంటే ప్రాణము. రేణిగుంట, అరక్కోణము మధ్య బండ్లు మన ఊరిమీదుగానే పోతున్నవి. సాయంకాలము స్టేషనులో అరగంట కూర్చుంటే వానికి అది పండుగ. కైలాసకోన జలపాతమునకు జనము తక్కువగా ఉండే వారపు దినమున ప్రొద్దుటే పొండి, చేయి మాత్రము విడువవద్దు. తోబుట్టువులను మరువకండి. అన్ని వేళల సర్దుకొనిపొమ్మని వారికే చెబుతుంటాము. వారితో కూడ వేరుగా ఒక పూట గడపండి.

ఎక్కడ సహాయము దొరకును?

అనుమానమున్నప్పుడు ఆలస్యము చేయవద్దు. ఏడాది దాటినను పేరు పెట్టి పిలిస్తే పలుకకపోవుట, వ్రేలితో చూపకపోవుట, వచ్చిన మాటలు పోవుట కనబడితే పిల్లల వైద్యునికి చూపండి. ‘మగబిడ్డకు మాట ఆలస్యమే’ అని కూర్చోవద్దు. మనకు దగ్గరలో తిరుపతి, వేలూరు, మదరాసు పెద్ద ఆసుపత్రులున్నవి. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో తలిదండ్రులకు కూడ శిక్షణ ఇస్తారు. సికింద్రాబాదులో 1984లో స్థాపించిన జాతీయ సంస్థ బుద్ధిమాంద్యము గల పిల్లల కొరకే పనిచేస్తున్నది. ప్రభుత్వ బడుల విభాగములో మండలములలో భవిత కేంద్రములు నడుస్తున్నవి.

చట్టము కూడ మన పక్షమున ఉన్నది. 1995 నాటి వికలాంగుల చట్టములో ఆటిజం పేరు లేదు. 1999లో నేషనల్ ట్రస్టు చట్టము దానిని గుర్తించినది. 2016 నాటి చట్టము 21 రకముల వైకల్యములలో దానిని చేర్చినది. సర్టిఫికెట్ తీసికొనుటకు సిగ్గుపడవద్దు. నేషనల్ ట్రస్టువారి నిరామయ పథకములో లక్ష రూపాయల వరకు ఆరోగ్య భీమా ఉన్నది. రాష్ట్ర ప్రభుత్వము దివ్యాంగుల పింఛనును 2024 జూలైలో నెలకు 6,000 రూపాయలకు పెంచినది. దరఖాస్తులు నింపుట తెలియని తల్లికి నింపిపెట్టే చదువుకొన్న యౌవనస్థులు మన సంఘములో లేరా?

సంఘమునకు నా మనవి

వీరికొరకు డయోసిస్ ఒక ప్రత్యేక కేంద్రము కట్టవచ్చును గదా అని కొందరు అడుగుతారు. కట్టగలిగితే కట్టుదాము. కాని కమిటీ కూర్చుని, స్థలము చూచి, చందాలు పోగుచేసి, పునాదిరాయి వేయునప్పటికి ఈనాటి ఆరేండ్ల బిడ్డ పదునారేండ్ల వాడవుతాడు. ఏప్రిల్ నెల మాత్రము ప్రతి ఏడు వస్తూనే ఉంటుంది. వెస్ట్రీ గది ఈనాడే ఉన్నది. చాప ఉన్నది. యౌవనస్థులు ఉన్నారు.

ఆరాధన నెమ్మది చెడుతుందని మరికొందరు అంటారు. ప్రసంగము చేసేవానిగా నేను చెబుతున్నాను: ఒక బిడ్డ కేకతో నా ప్రసంగము ఆగితే ఆగనివ్వండి. ఆ బిడ్డ, వాని తల్లి బయట ఉండగా జరిగిన నిశ్శబ్ద ఆరాధనకంటె అది మేలు. దావీదు రాజు రెండు కాళ్లు కుంటివాడైన మెఫీబోషెతును పిలిపించినప్పుడు వానికి వేరే ఇల్లు కట్టించి అక్కడ అన్నము పంపలేదు. తన బల్లయొద్దనే కూర్చుండబెట్టినాడు.

కనుక నేను మూడు సంగతులు అడుగుతున్నాను. వచ్చే ఏప్రిల్ లోపల ప్రతి పాస్టరేటులో ఇద్దరు ఉపాధ్యాయులు ఇల్లిల్లు తిరిగి ఇటువంటి పిల్లల పేర్లు, వారి తల్లుల అనుమతితో, సండేస్కూలు రిజిష్టరులో వ్రాయండి. ప్రతి వి.బి.యస్.లో ఒక గది, ఒక బొమ్మల పట్టిక, బిడ్డకొక తోడు సిద్ధపరచండి. ఆలయములో ఒక బిడ్డ కేక వేసినప్పుడు వెనుకకు తిరిగి చూడవద్దు. ఆ తల్లి ప్రక్కన కొంచెము జరిగి చోటివ్వండి.

నూటయొకటవ సంవత్సరములో మన రిజిష్టరులో ఆ పేర్లు ఉండునట్లు, ఆ పేర్లకెదురుగా హాజరు గుర్తులు పడునట్లు ప్రభువు మనకు సహాయము చేయును గాక. ఆమెన్.